ఈబేలో పాత బేస్‌బాల్ కార్డుల వేట: ఏళ్ల తరబడి వాడాక

పాత బేస్‌బాల్ కార్డుల వేలాలకు ఈబే సెర్చ్ చాలా బాగా పనిచేస్తుంది, పక్కన కనిపించే ఫిల్టర్లను నమ్ముకోనంతవరకు. సంవత్సరం, సెట్, ఆటగాడు లాంటి వివరాలు అమ్మేవాళ్లు నింపితేనే ఆ కార్డు ఫిల్టర్‌కి చిక్కుతుంది. అటక మీది పెట్టె ఖాళీ చేసేవాళ్లు అవన్నీ ఎక్కడ నింపుతారు? మంచి బేరాలు దొరికేది వాళ్ల దగ్గరే.

అందుకే టైటిల్‌లో ఉండే మాటలతోనే వెతకాలి. బేస్‌బాల్ ఆటగాడు రొబెర్టో క్లెమెంటే సంగతే చూడండి. 1957 నుంచి 1969 దాకా టాప్స్ అనే కంపెనీ కార్డుల మీద ఆయన పేరు ‘బాబ్’ అనే అచ్చయింది. ‘రొబెర్టో’ అని మాత్రమే కొడితే, కార్డు చూసి ఉన్నదున్నట్టు టైప్ చేసినవాళ్ల లిస్టింగులు రావు. రెండు పేర్లనూ మధ్యలో కామాతో, ఖాళీ వదలకుండా, బ్రాకెట్లలో పెడితే ఏది ఉన్నా వస్తుంది. స్పెల్లింగ్ తప్పినవాటి కోసం పేరు తీసేసి, సంవత్సరం, ‘టాప్స్’, కార్డు నంబరు (ఆయన 1957 కార్డుకైతే 76) మాత్రమే ఇచ్చి ఇంకో సెర్చ్ సేవ్ చేసుకోవాలి.

నకళ్లను తప్పించడానికి ‘రీప్రింట్’, దాని పొట్టిరూపం ‘ఆర్‌పీ’, ‘కస్టమ్’ అనే మాటల ముందు మైనస్ గుర్తు పెడతాం. దీనితో ఒక చిక్కుంది: ‘నాట్ ఎ రీప్రింట్’ అని రాసిన అసలు కార్డు కూడా ఎగిరిపోతుంది. వారానికోసారైనా మైనస్‌లు లేకుండా చూడటం అవసరం.

సైజు అడగకుండా బిడ్ వేయొద్దు. 1952–56 టాప్స్ కార్డులు 2⅝ × 3¾ అంగుళాలు. 1957 నుంచి 2½ × 3½. 1983లో టాప్సే వేసిన 1952 సెట్ రీప్రింట్లు ఈ చిన్న సైజులోనే ఉంటాయి కాబట్టి, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో అడిగితే చాలు, తేలిపోతుంది. అంచులు కత్తిరించినవీ అక్కడే బయటపడతాయి.

ధరకి ‘సోల్డ్’ జాబితాయే ఆధారం, అదీ వేలంలో అమ్ముడైనవే. ‘బెస్ట్ ఆఫర్’ కింద, అంటే బేరమాడి, పోయినవాటికి కొట్టేసి కనిపించే అంకె అడిగిన ధర, కొన్న ధర కాదు.

వేలానికి సాధారణంగా గడువు పొడిగింపు ఉండదు కాబట్టి గరిష్ఠ బిడ్ చివరి ఐదారు సెకన్లలో ఒక్కసారే వేయాలి. ఇద్దరిదీ ఒకే మొత్తమైతే ముందు వేసినవాళ్లదే గెలుపు. అందుకే 100 డాలర్లు అనుకుంటే 101.57 వేయండి.