గాలి చొరబడని ధాన్యం సంచులు: వాడి చూసి చెప్తున్నా

ముందే చెప్పేస్తా, సంచి మంచిదే. అమ్మేవాళ్లు చెప్పే లాభాల లెక్క మాత్రం సగమే నిజం.

పైన మామూలు ప్లాస్టిక్ నేత సంచి, లోపల ఒకదాంట్లో ఒకటి రెండు మందపాటి పాలిథిన్ కవర్లు, అంతే సరుకు. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల పురుగు కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది, తర్వాత మొక్కజొన్న, జొన్న లాంటి వాటికీ పాకింది. మందు కలపక్కర్లేదు. గింజలతో పాటు లోపలికి పోయిన పురుగులే అక్కడున్న ఆక్సిజన్ వాడేసుకుని, తినడం మానేసి, ఒంట్లో తడి ఆరిపోయి చస్తాయి. నా మొక్కజొన్నలో బాగా పనిచేసింది. నెలల తర్వాత విప్పినా గింజకి కన్నాల్లేవు, అదే పంట మామూలు గోనెలో పోసింది మాత్రం చెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుకొచ్చింది.

అయితే గింజ బాగా ఎండాలి. తేమ 13 శాతం దాటకుండా చూసుకోండి, పచ్చిగా కట్టేస్తే బూజు పడుతుంది. మీటర్ లేకపోతే పొడి సీసాలో గింజలు, కాస్త పొడి ఉప్పు వేసి ఊపండి, ఉప్పు గాజుకి అంటుకుంటే ఇంకా ఎండబెట్టాలి. కవర్ల మెడలు వేటికవి మెలితిప్పి, మడిచి బిగించాలి. ఎలుక కొరికిందా, అంతే సంగతులు.

ఇక డబ్బు. అందరి పంటా ఒకేసారి వస్తుంది కాబట్టి కోతప్పుడు ధర పడిపోతుంది, తర్వాత లేస్తుంది, మధ్యలో తేడా దాచుకోగలిగినవాడికి. సంచి ఉంటే ఆ తేడా మీదే అంటారు. కానీ ఆ తేడాలోంచి సంచి ఖర్చు (రెండు మూడు సీజన్లకి పంచుకోవచ్చు), అన్ని నెలల వడ్డీ, తూకంలో తరుగు తీసేయాలి. వడ్డీ నెలనెలా పెరుగుతూనే ఉంటుంది, ధర పెరుగుతుందని ఎవరూ రాసివ్వరు. దిగుమతులు వచ్చాయంటే ఆ ఏడాది అసలు లేవకపోవచ్చు కూడా. కెన్యాలో మొక్కజొన్న రైతులకి కోత సమయంలోనే అప్పిచ్చి చూశారు. వాళ్లు అమ్మకం వాయిదా వేసి నాలుగు డబ్బులు మిగుల్చుకున్నారు, కానీ ఒకే ప్రాంతంలో ఎక్కువమంది దాచిన చోట ధరల తేడా తగ్గి, ఒక్కొక్కరికి మిగిలిందీ తగ్గింది. అప్పిచ్చినవాడు వసూలుకి కళ్లంలోనే కూర్చుంటే సంచి ఏం చేస్తుంది చెప్పండి?

అందుకే నా సలహా, మొదటి సంచి అమ్మకానికి కాదు, ఇంటి తిండికి కట్టండి. చిన్న రైతుల్లో చాలామంది కోతప్పుడు తక్కువకి అమ్మేసి, గింజలు అయిపోయాక అవే ఎక్కువ పెట్టి కొనుక్కుంటారు. ఇంట్లో దాచుకున్న బస్తా మీకు మిగిల్చేది మీరు అమ్మే ధర కాదు, కొట్లో కొనే ధర, అందులో లారీ కిరాయి, కమీషన్, వ్యాపారి లాభం అన్నీ కలిసి ఉంటాయి. ఈ లెక్క ధర లేవని ఏడాది కూడా పెద్దగా తప్పదు. కాకపోతే రోజూ విప్పి తీసుకుంటుంటే గాలి లోపలికి పోయి పురుగు మళ్లీ లేస్తుంది, కొంచెం కొంచెంగా చిన్న సంచుల్లో కట్టుకోండి.

5కి 4 ఇస్తా. కొనేటప్పుడు లోపల కవర్లు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి, ఒక్క కవరు పెట్టి అమ్మే సంచులూ ఉన్నాయి. ఒక్కోదాన్ని గాలితో నింపి, మెడ పట్టుకుని నొక్కి చూడండి, ఎక్కడైనా బుస్సుమంటే తీసుకోవద్దు.