ఫైబర్ స్ట్రిప్పింగ్ మెషిన్ కొంటున్నారా? స్విచ్ వేసే ముందు నా అనుభవం చదవండి

వెలుతురును మోసే సన్నటి గాజు తీగ ఆప్టికల్ ఫైబర్. దాని పైపూతను ఒలిచి (అదే స్ట్రిప్పింగ్), రెండు కొసలను కరిగించి అతికిస్తాం (అదే స్ప్లైసింగ్). అలా జాయింట్లు వేసిన రోజు ఒక్కటీ విరగలేదు. స్ప్లైసింగ్ మెషిన్ తెర మీద అతుకు దగ్గర వెలుతురు నష్టం 0.02, 0.03 డెసిబెల్ అని, అంటే లేనట్టే అని, చూపించింది. చివర్లో జరిగే లాగుడు పరీక్షలో అన్నీ నెగ్గాయి. ట్రేలలో చుట్టి, మూతలు బిగించి పంపించేశాం. మూడో వారంలో మొదటి ఫోను వచ్చింది: ఒక ట్రేలో రెండు లైన్లు పోయాయని. నాలుగు రోజులకు మరో ట్రే. తెరిచి చూస్తే అతుకు భేషుగ్గా ఉంది. విరిగింది దానికి ఒక సెంటీమీటరు అవతల, అతుకును కప్పే స్లీవ్ గొట్టం లోపల, పూత ఆగిపోయి వట్టి గాజు మొదలయ్యే చోట. అన్నింటిలోనూ అక్కడే.

ఆ చోటు చూశాక అనుమానం స్ప్లైసింగ్ మీద నుంచి స్ట్రిప్పింగ్ మీదకు మళ్లింది. సరిగ్గా ఆ నెలలోనే మేము చేతి స్ట్రిప్పర్లు పక్కన పెట్టి, బల్ల మీద పెట్టుకునే మోటారు మెషిన్ ఒకటి కొన్నాం. ఫైబర్‌ను బిగించి పెడల్ నొక్కితే అదే వేడి చేసి, బ్లేడ్లు మూసి, పూతను లాగేస్తుంది. పని మూడింతలు వేగంగా సాగుతోందని మురిసిపోయాం కూడా. కంపెనీ పేరు రాయను. ఇవే లోపాలు వేరే పేరుతో వచ్చే మెషిన్లలోనూ ఉండవచ్చు కాబట్టి, ఏమేం తప్పాయో చెబుతాను, మీ మెషిన్‌లో వెతుక్కోండి.

ముందు ఆ గాజు సంగతి. పూతతో కలిపి మామూలు ఫైబర్ మందం 250 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), లోపలి గాజు 125. అంటే చుట్టూ ఉన్న పూత 62.5 మైక్రాన్లు, తల వెంట్రుకంత. చేతి స్ట్రిప్పర్లలో ఈ పనికి వాడే రంధ్రం సాధారణంగా 140 మైక్రాన్లుంటుంది. గాజుకూ బ్లేడుకూ మధ్య ఒక్కో వైపు మిగిలే సందు ఏడున్నర మైక్రాన్లే. బ్లేడు అంతకు మించి పక్కకు జరిగిందంటే గాజును గీస్తుంది. ఆ గీత కంటికి కనబడదు, చేతికి తగలదు, వెలుతురు నష్టంలోనూ తేలదు. ఎందుకంటే వెలుతురు ప్రయాణించేది నడిమి కోర్‌లో, గీత పడేది పై గాజు మీద.

గీత లేని కొత్త ఫైబర్ ఆరు కిలోల బరువును మోయగలదంటే చాలామంది నమ్మరు. కానీ నిజం. తయారీదారులు ఫైబర్ పొడవునా చేసే పరీక్షే దాదాపు 870 గ్రాముల లాగుడుతో సమానం. బలహీనత గాజుది కాదు, గాజు మీది గీతది. గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లో అచ్చయిన తన పరిశోధనలో గాజు తీగలతోనే ఈ సంగతి తేల్చాడు. గీత కొస దగ్గర ఒత్తిడంతా పోగుపడుతుంది. దానికి గాలిలోని తేమ తోడైతే ఆ కొసన అణువుల మధ్య బంధాలు ఒక్కొక్కటే తెగుతూ, పగులు రోజుల తరబడి నెమ్మదిగా పాకుతుంది. స్ప్లైసింగ్ మెషిన్ చేసే లాగుడు పరీక్ష సుమారు 2 న్యూటన్లు, అంటే 200 గ్రాముల బరువంత. చిన్న గీత ఉన్న ఫైబర్ ఆ క్షణానికి దాన్ని తట్టుకుంటుంది. తర్వాత ట్రేలో వంపు తిరిగి కూర్చున్నాక, మూడో వారంలో విరుగుతుంది. మాకు జరిగింది అదే.

అమ్మినవాళ్లకు ఫోను చేశాను. "మేడమ్, అది ఫైబర్ నాణ్యత. మా మెషిన్‌కు సంబంధం లేదు" అన్నారు. అదే డ్రమ్ము ఫైబర్‌ను చేతి స్ట్రిప్పర్‌తో ఒలిచి వేసిన జాయింట్లు నిక్షేపంగా ఉన్నాయని చెప్పాను. "అయితే మీవాళ్లకు ఇంకా చేయి తిరగలేదండీ" అన్నారు. పెడల్ నొక్కడానికి ఎంత చేయి తిరగాలో నాకు అర్థం కాలేదు.

ఇక మేమే విప్పాం. ప్లగ్గు పీకి, గంట సేపు చల్లారనిచ్చి విప్పాం. ఈ మాట వేరుగా చెప్పడానికి కారణం ఉంది. దీపం ఆరిపోగానే హీటర్ చల్లారినట్టు కాదు, ఇనుప దిమ్మ చాలాసేపు వేడిగానే ఉంటుంది.

పై బ్లేడు పట్టుకునే దిమ్మ వేలితో కదిపితే ఊగింది. బ్లేడ్లు అసలు రకానివే, సైజూ సరైనదే, కూర్చునే చోటే వదులు. రెండోది వేడి. తెర మీద 100 డిగ్రీలు చూపిస్తుండగా వేడిని కొలిచే సన్నటి తీగ, థర్మోకపుల్, పెట్టి కొలిస్తే బ్లేడు దగ్గర 138 వచ్చింది. సెన్సర్ బిగించిన స్క్రూ వదులై, అది దిమ్మను ఆనకుండా గాలిలో వేలాడుతోంది. వేడి ఎక్కువైతే పూత మెత్తబడి ఊడిరావడమే కాదు, జిగురై బ్లేడు అంచుకు పట్టేస్తుంది. పట్టిన జిగురు గట్టిపడి మరుసటి ఫైబర్‌ను ఒక పక్కకు నెడుతుంది. బ్లేడు ఊగుతోంది, ఫైబర్ పక్కకు జరుగుతోంది. ఇక గీతలు పడక ఏమవుతాయి?

ఇక్కడితో ఆగి ఉంటే నాణ్యత గొడవ అనుకుని ఊరుకునేదాన్నేమో. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం తర్వాతి రెండూ.

మెషిన్ వచ్చిన మొదటి రోజు నుంచీ దాని ఇనుప ఒంటి మీద చేయి వేస్తే సన్నగా జివ్వుమనేది. చలికాలం కదా, స్టాటిక్ అనుకున్నాం. అంతకంటే తెలివితక్కువ ఆలోచన ఇంకొకటి లేదు. స్టాటిక్ అయితే ఒక్కసారి చిటుక్కుమని ఆగిపోతుంది, చేయి ఆనించినంతసేపూ జివ్వుమంటూ ఉండదు. మల్టీమీటరుతో ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకూ మెషిన్ ఒంటికీ మధ్య కొలిస్తే కనెక్షన్ లేనే లేదు. వెనక మూత తీస్తే ఆకుపచ్చ తీగ ఉంది, కొసన రింగు కూడా ఉంది, దాన్ని బిగించాల్సిన బోల్టు లేదు. ఇలాంటి మెషిన్లలో లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఒంటికి చేరడం మామూలే. ఎర్త్ ఉంటే అది అటు పోతుంది, లేకపోతే మన చేతి గుండా పోతుంది. అది జివ్వుమనడంతో ఆగింది మా అదృష్టం. హీటర్ తీగ తొడుగు కాలి ఒంటికి తగిలి ఉంటే ఈ రాత మరోలా ఉండేది.

రెండోది మూత. బ్లేడ్ల మీది పారదర్శక మూత తెరిస్తే మోటారు కదలకూడదు. మా మెషిన్‌లో కదిలింది. మా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి ఇరుక్కున్న తుక్కు తీయబోయి, కాలు పెడల్ మీద పడి, బిగింపు పట్టు వేలి కొస మీద మూసుకుంది. చర్మం కమిలింది, బొబ్బ లేచింది, అంతకు మించి కాలేదు. చూస్తే, మూతలో ఉండాల్సిన చిన్న అయస్కాంతం మూతలో లేదు. సెన్సర్ మీదే టేపుతో అంటించి ఉంది. అంటే మూత తెరిచినా మూసే ఉందని మెషిన్ నమ్ముతుంది. అడిగితే, "డెమో చూపించేటప్పుడు అలా పెడతాం, తీయడం మరిచిపోయినట్టున్నారు" అన్నారు. ఆ వాక్యాన్ని తర్వాత ఈమెయిల్‌లో రాసి పంపమన్నాను. ఇంతవరకూ పంపలేదు.

కాబట్టి మీ మెషిన్ వచ్చిన రోజు ఫైబర్ జోలికి పోకండి. ప్లగ్గు పెట్టక ముందే మల్టీమీటరు తీసి ఎర్త్ పిన్నుకూ ఒంటి మీది రంగు లేని స్క్రూకూ మధ్య కొలవండి. దాదాపు సున్నా ఓము రావాలి. మీ గోడ సాకెట్లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, మెషిన్ ఒక్కటే మంచిదైతే సరిపోదు. ఊగని బల్ల కావాలి. ఫ్యాను గాలి, ఏసీ గాలి బల్ల మీదకు రాకూడదు, ఎందుకో కింద చెబుతాను. ఫైబర్ పెట్టకుండానే మూత తెరిచి పెడల్ నొక్కండి, కదిలితే ఆ క్షణమే వెనక్కి పంపండి. ఎమర్జెన్సీ బటన్ నొక్కి, తిరిగి పైకి లాగండి. లాగగానే దానంతట అది మొదలైతే అది కూడా లోపమే, మళ్లీ స్టార్ట్ నొక్కితేనే నడవాలి. పెడల్‌కు పైన గొడుగు లాంటి కప్పు ఉందేమో చూడండి. లేకపోతే ఎప్పుడో ఒకసారి ఎవరిదో కాలు పడుతుంది.

తర్వాత వేడి. అరగంట నడిచాక తెర మీది అంకెను నమ్మకుండా విడిగా కొలవండి. ఆపైన బ్లేడ్లు: చెక్క పుల్లతో మెల్లగా కదిపి చూడండి, ఊగకూడదు. అప్పుడు ఓ ఇరవై ఫైబర్లు ఒలిచి, ఆల్కహాల్‌తో తుడిచి, మైక్రోస్కోపు కింద తిప్పి తిప్పి చూడండి. మైక్రోస్కోపు లేకపోతే ఒలిచిన కొసను మెల్లగా వంచండి, కళ్లద్దాలు పెట్టుకుని మరీ. గీత పడిన ఫైబర్ పెద్ద వంపులోనే టుక్కున విరుగుతుంది, మంచిది చాలా చిన్న వంపు దాకా ఓర్చుకుంటుంది. చేతి స్ట్రిప్పర్‌తో ఒలిచిన ఫైబర్‌ను పక్కన పెట్టి పోలిస్తే తేడా చేతికే తెలుస్తుంది. ఇరవైలో ఒక్కటి తొందరగా విరిగినా నేనైతే ఆ మెషిన్ తీసుకోను.

ఆల్కహాల్ అన్నాను కాబట్టి: ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, అంటే గది వేడిలో ఎప్పుడూ సిద్ధంగా ఉన్నట్టే. సీసాను హీటర్ పక్కన పెట్టకండి. బ్లేడ్లను దానితో తుడవాలంటే మెషిన్ పూర్తిగా చల్లారాకే. మా మెషిన్‌తో వచ్చిన ఒక్క పేజీ కాగితంలో "ఆల్కహాల్‌తో శుభ్రం చేయండి" అని ఉంది, చల్లారాక అని లేదు.

గాజు ముక్కల గురించి ఎంత చెప్పినా తక్కువే. మెషిన్ లాగినప్పుడు విరిగే ఫైబర్ కొసలు వెంట్రుక కంటే కొంచెమే లావు, పైగా పారదర్శకం. తెల్ల బల్ల మీద కనిపించవు, అందుకే కింద నల్లటి మ్యాట్ పరవాలి. గాలి కొడితే ఎగిరి ఎక్కడ పడతాయో తెలియదు. నోటితో ఊదడం, గాలి పంపుతో కొట్టడం అసలు చేయకూడదు, టేపుతో అద్ది తీయాలి. విరిగిన ప్రతి ముక్కా మూత ఉన్న గట్టి డబ్బాలో పడాలి, మామూలు చెత్తబుట్టలో కాదు. పక్కలు మూసిన కళ్లద్దాలు తప్పనిసరి. ఆ బల్ల దగ్గర టీ, టిఫిను వద్దు. పని ముగిశాక చేతులు కడిగే దాకా కళ్లు నలుపుకోవద్దు. కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడిగి నేరుగా కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మెషిన్లలో తుక్కు పడే అర ఒకటి ఉంటుంది, కొనేటప్పుడు ఎవరూ చూడరు. మా దాంట్లో ఆ అరకు అడుగున సందు ఉంది. రెండు వారాల తుక్కు మా పాదాల దగ్గర చేరింది.

ఇంకో మాట. "అన్ని రకాల ఫైబర్లకూ పనికొస్తుంది" అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. 250, 200 మైక్రాన్ల పూతలకు, పూత మీద మరో ప్లాస్టిక్ పొర ఉన్న 900 మైక్రాన్ల బఫర్‌కు సెట్టింగులు వేరు, కొన్నింటికి బ్లేడ్లే వేరు. పాలీఇమైడ్ పూత ఉన్న ప్రత్యేక ఫైబర్ ఈ వేడికి కరగదు, బ్లేడుతో గీకితే గాజే పోతుంది. కేబుల్ బయటి తొడుగును (జాకెట్) ఒలిచే పెద్ద మెషిన్లు కొనేవారికి వేరే ప్రమాదం ఉంది. తిరిగే రోలర్లకు కేబుల్ లోపల బలం కోసం ఉండే కెవ్లార్ దారం చుట్టుకుంటే అది తెగదు, వేలికి చుట్టుకున్నా తెగదు. అక్కడ వదులు గ్లవ్స్, వేలాడే చున్నీ, విరబోసిన జుట్టు పనికిరావు. వాడుకలో ఉన్న లైను ఒలుస్తుంటే ముందు వెలుతురును కొలిచే పవర్ మీటరు పెట్టి వెలుతురు లేదని తేల్చుకోండి. 1310, 1550 నానోమీటర్ల వెలుతురు కంటికి కనిపించదు, కనుక కొసలోకి చూసి లేదనుకోవడం పొరపాటు.

కొనే ముందు అమ్మేవాళ్లను మూడే అడగండి: మీ ఫైబరే మీ ఎదుట ఒలిచి చూపిస్తారా, వేడి కొలిచిన కాగితం ఇస్తారా, బ్లేడు దిమ్మ విడిగా దొరుకుతుందా. మాకు మూడోదానికి "చూద్దాం మేడమ్" అనే జవాబు వచ్చింది. ఆ "చూద్దాం" ఇప్పటికి రెండు నెలలది.

మెషిన్ మూలన ఉంది. ప్లగ్గు తల కోసేశాం, ఎవరూ పొరపాటున పెట్టకుండా. ఆ నెలలో వేసిన జాయింట్లన్నీ ట్రేలు వెనక్కి తెప్పించి, చేతి స్ట్రిప్పర్లతో మళ్లీ వేస్తున్నాం. ఇంకా పదకొండు ట్రేలు రావాలి.