పాత చెక్క ప్యాలెట్లు: విశాఖలో అయిదేళ్ల వాడకం తర్వాత

గాజువాక, ఆటోనగర్ వైపు పాత కర్ర యార్డుల్లో ప్యాలెట్లను, అంటే సరుకు నేలకు తగలకుండా కింద పెట్టే చెక్క పీటలను, దొంతర్లుగా పేర్చి ఉంచుతారు. పైన ఉన్న రెండు మూడూ ఎండకు ఎండి తెల్లగా మెరుస్తాయి. అడుగున ఉన్నవి నేల చెమ్మ పీల్చి నల్లబడి ఉంటాయి. "అన్నీ ఒకటే సరుకు బాబూ" అంటారు గానీ, ఒక్క దొంతరలోనే మూడు రకాల కర్ర, రెండు కొలతలు, నాలుగు దేశాల ముద్రలు కనబడటం మామూలే. గోదాములో బస్తాలకీ, అట్టపెట్టెలకీ, యంత్ర సామాన్లకీ అయిదేళ్లుగా ఇవే వాడుతున్నాం. ఏరి కొంటే కొత్తవాటి జోలికి వెళ్లక్కర్లేదు. లాటుగా కొంటే మాత్రం అందులో చాలా భాగం చివరికి పొయ్యిలోకే పోతుంది.

ఏరేటప్పుడు మొదట చేయాల్సిన పని ప్యాలెట్‌ను బోర్లా తిప్పడం. బరువంతా మోసేది పై పలకల కింద అడ్డంగా ఉండే మూడు మందపాటి కర్రలు, అంటే రన్నర్లు. పై పలక విరిగితే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు, రన్నర్ చీలితే ఆ ప్యాలెట్ ఆయుష్షు దాదాపు అయిపోయినట్టే. ఫోర్కులు (ఎత్తే బండికి ముందుండే ఇనుప నాలుకలు) నాలుగు వైపులా దూరడానికి రన్నర్‌కు గాడి కొట్టిన రకమైతే ఆ గాడి మూలలు చూడండి. చీలిక అక్కడే మొదలై, ఈనె (కర్రలోని నార గీత) వెంబడి చివరిదాకా పాకుతుంది. తర్వాత ఒక మూలను నేలకు ఆనించి, ఎదురు మూలను పట్టుకుని అటూ ఇటూ ఊపండి. మేకులు బిగువుగా ఉంటే ప్యాలెట్ మొత్తం ఒక్కటిగా కదులుతుంది. వదులైతే కిర్రుమంటుంది, చతురస్రం కాస్తా పక్కకు ఒరుగుతుంది. ఈ ఒక్క పరీక్షతోనే సగం సరుకు పక్కకు పోతుంది. యార్డువాళ్లకు ఇది నచ్చదు, అయినా చేయండి.

కాటా లెక్కన ఎప్పుడూ కొనొద్దు, ముఖ్యంగా వానాకాలంలో. 1200×1000 మి.మీ. కొలత ప్యాలెట్‌లో 100 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. మందం పలకలు పైన ఏడు, కింద మూడు, మధ్యలో 90×40 రన్నర్లు మూడు ఉన్నాయనుకోండి. మొత్తం కర్ర ఒక ఘనపుటడుగుకు కాస్త ఎక్కువ. పైన్ కర్ర అయితే ఎండినప్పుడు పదిహేను, పదహారు కిలోలు తూగుతుంది. అదే ప్యాలెట్ వానకు తడిసి తేమ 35 శాతానికి వెళితే పద్దెనిమిది దాటుతుంది. వంద ప్యాలెట్ల మీద రెండున్నర క్వింటాళ్ల నీళ్లకు డబ్బు కట్టినట్టు. అందుకే బేరం ఎప్పుడూ ఒక్కోదానికి ఇంత అని ఆడాలి, పుచ్చినవీ రన్నర్ చీలినవీ తీసేశాకే లెక్కపెట్టాలి.

తేమ కొలిచే మీటర్ చిన్న ఖర్చే, కొని పెట్టుకోండి. విశాఖ గాలిలో ఏడాది పొడుగునా తేమ ఉంటుంది కాబట్టి నీడలో ఆరబెట్టిన కర్ర 14-16 శాతం దగ్గర ఆగిపోతుంది, అంతకంటే ఎండదు. మీటర్ 20 దాటి చూపిస్తే దాని మీద అట్టపెట్టెలు పెట్టొద్దు, వారంలో అడుగు అట్టకు బూజు పడుతుంది. రెండు వరసల మధ్య గాలాడేలా పేర్చి, పైన రేకు కప్పి ఆరబెట్టాలి. టార్పాలిన్‌తో చుట్టూ కట్టేస్తే లోపల ఆవిరి పట్టి ఇంకా పాడవుతుంది.

కర్ర రకాలకొస్తే, దిగుమతి సరుకుతో వచ్చే పైన్ మా వాడకంలో అన్నింటికంటే మేలు. తేలిక, మేకు సులువుగా దిగుతుంది, రెండోసారి కొట్టినా పగలదు. మెత్తన కావడమే దాని లోపం, యంత్రం పాదంలాంటి బరువు ఒక్కచోట పడితే సొట్ట పడుతుంది. రబ్బరు కర్ర చూడ్డానికి బాగుంటుంది గానీ బూజుకూ పొడి పురుగుకూ మహా ఇష్టం. సూదిమొన రంధ్రాలు, వాటి కింద గోధుమపిండిలాంటి పొడి కనబడితే ఆ ఒక్కదాన్నే కాదు, దానికి ఆనుకున్న వాటినీ వదిలేయండి. నీలగిరి, అడవి కర్రతో చేసినవి బండల్లా ఉంటాయి. ఇద్దరు మనుషులు ఎత్తాలి, మరమ్మతుకొచ్చేసరికి ప్రతి మేకుకూ చిన్న డ్రిల్ పెట్టాలి, లేకుంటే పలక చివర చీలిపోతుంది.

హ్యాండ్ ప్యాలెట్ ట్రక్ (ప్యాలెట్‌ను ఎత్తి చేత్తో లాగే బండి) వాడేవాళ్లు ఇంకో కొలత చూసుకోవాలి. ఆ ట్రక్ ఫోర్కులు పూర్తిగా దించినప్పుడు దాదాపు 85 మి.మీ. ఎత్తు ఉంటాయి. అరిగిపోయిన రన్నర్ 80కి వస్తే ట్రక్ లోపలికి దూరదు. దూరినా, కింద పలక సరిగ్గా ముందు చక్రాల కిందికి వచ్చిందంటే, హ్యాండిల్ కొట్టి పైకి లేపేసరికి చక్రం దాన్ని తొక్కి మేకులతో సహా పీకేస్తుంది. కింద పలకలు ఎప్పుడూ పోతుంటే తప్పు ప్యాలెట్‌ది కాదు, ఆ కొలతకు ఆ ట్రక్ సరిపోదంతే.

మరమ్మతులో ఎక్కువమంది చేసే పొరపాటు పాత కన్నంలోనే కొత్త మేకు కొట్టడం. సముద్రపు గాలికి మేకు తుప్పు పడుతుంది, తుప్పు చుట్టూ కర్రను తినేస్తుంది, కన్నం వదులైపోతుంది. అందులో ఎంత పెద్ద మేకు కొట్టినా నిలవదు. అర అంగుళం పక్కకు జరిపి కొత్తచోట కొట్టాలి. 18 మి.మీ. పలకకు రెండున్నర అంగుళాల మెలి మేకు చాలు, అంటే రన్నర్‌లోకి 45 మి.మీ. దిగుతుంది. పలక రన్నర్‌ను కలిసే ప్రతిచోటా రెండు, ఒకే ఈనె మీద పడకుండా కాస్త ఏటవాలుగా. నున్నటి తీగ మేకు వానాకాలంలో బిగుసుకుని, ఎండాకాలంలో కర్ర ముడుచుకోగానే పైకి లేస్తుంది, బస్తాలు చిరిగేది ఆ తలలకే. కొట్టేముందు మేకు మొనను సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి మొద్దు చేస్తే అది ఈనెను విడదీయకుండా నలుపుకుంటూ దిగుతుంది, పలక చీలదు. జింకు పూత మేకులు కొంచెం ఖరీదైనా ఇక్కడ అవే వాడాలి. రన్నర్ ఒక్కటే, ఒకచోటే చీలితే చీలికకు రెండు వైపులా చేరేంత పొడుగు తునకను పక్కనే ఆనించి మేకులు కొట్టొచ్చు. రెండు రన్నర్లు పోతే శ్రమ దండగ, విప్పేయండి.

విప్పడానికి గునపం పెట్టి పలకలు పెకలించొద్దు, చివర్లన్నీ చీలిపోతాయి. పలకకూ రన్నర్‌కూ మధ్య చెక్క ముక్క దూర్చి సందు చేసి, ఇనుము కోసే బ్లేడు వేసిన రెసిప్రొకేటింగ్ రంపంతో (బ్లేడు ముందుకూ వెనక్కూ ఆడే కరెంటు రంపం) మేకులనే కోసేయాలి. పలక నిండుగా చేతికొస్తుంది. మిగిలిన మేకు తునకలను వెనకనుంచి పంచ్‌తో కొట్టి తీయాలి. రందా మెషీన్‌కు (చిత్రిక పట్టే యంత్రం) పంపేముందు ప్రతి పలక మీదా అయస్కాంతం తిప్పండి, ఒక్క తునక మిగిలినా బ్లేడ్లు పోతాయి, వడ్రంగి మళ్లీ మీ కర్ర ముట్టుకోడు. రందా పట్టాక 18 మి.మీ. పలక 14-15కి దిగుతుంది. బల్ల పైభాగానికి చాలదు, అల్మరా వెనక చెక్కకూ కుండీల పెట్టెలకూ పనికొస్తుంది.

ఇక ముద్రల సంగతి. గోధుమ వెన్ను బొమ్మ, దేశం అక్షరాలు, ఒక నంబరు, హెచ్.టి. లేదా ఎం.బి. అని ఉంటుంది. కర్రతో పాటు పురుగులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోకుండా 2002లో వచ్చిన ఐఎస్‌పీఎం-15 అనే అంతర్జాతీయ నిబంధన ప్రకారం వేసేది ఇది. హెచ్.టి. అంటే కర్ర గుండె దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు పట్టించారని, ఎం.బి. అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని. ఇంట్లో వాడే సామానుకు ఎం.బి. ఉన్నవి పక్కన పెట్టడం మంచిదే. కానీ ముద్రకంటే మరకకు ఎక్కువ భయపడాలి. పరవాడ మందుల ఫ్యాక్టరీల వైపు నుంచో, ఎరువుల గోదాముల నుంచో వచ్చిన ప్యాలెట్ మీద ఏం ఒలికిందో ఏ ముద్రా చెప్పదు. మరక ఉన్నా, వాసన వచ్చినా బియ్యం బస్తాల కిందికి తేవొద్దు.

ఎగుమతిదారుకు తిరిగి అమ్మాలనుకుంటే ఇంకో మెలిక. మూడో వంతు దాకా భాగాలు మారిస్తే అది మరమ్మతు, వేసిన ప్రతి ముక్కా శుద్ధి చేసి (అంటే ఆ వేడో పొగో పట్టించి) ముద్ర ఉన్నదై ఉండాలి. అంతకు మించి మారిస్తే పాత ముద్రలు చెరిపేసి, మొత్తాన్ని మళ్లీ శుద్ధి చేయించి కొత్త ముద్ర వేయించాలి. నాలుగు ముక్కలు మార్చి పాత ముద్ర అలాగే ఉంచి అమ్మేవాళ్లున్నారు, అవతలి రేవులో పట్టుబడితే కంటైనర్ మొత్తం ఆగుతుంది. అలాగే చెప్ (CHEP) అనే కంపెనీ నీలం రంగు ప్యాలెట్లు అద్దెవి, ఆ కంపెనీ సొత్తు. ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు.

గోదాములో చెదలకూ పురుగుకూ పది లీటర్ల వేడినీళ్లలో 300 గ్రాముల బోరాక్స్, 200 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి, ఎండిన కర్రకు బ్రష్‌తో రెండు పూతలు వేస్తున్నాం. చివరలకు ఇంకొంచెం ఎక్కువ. వానలో ఉంచితే మందు కడుక్కుపోతుంది కనుక ఇది లోపల వాడేవాటికే. ఖాళీ ప్యాలెట్ల దొంతర ఆరడుగులు దాటనివ్వొద్దు, దగ్గర్లో వెల్డింగ్ అసలే వద్దు. పలకల సందుల్లో గాలి ఆడుతుంది కాబట్టి అంటుకుంటే నిమిషాల్లో పైదాకా లేస్తుంది.

బరువు విషయంలో, మరమ్మతు చేసిన పైన్ ప్యాలెట్ మీద 50 కిలోల సిమెంటు బస్తాలు ఇరవై, అంటే టన్ను, నేల మీద ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. ర్యాక్‌లోకి మాత్రం పాతవి ఎక్కించొద్దు. అక్కడ రెండు చివర్లే ఆనుతాయి, నడుమ వంగుతుంది, వారం తర్వాతో నెల తర్వాతో విరుగుతుంది. ర్యాకులకు ప్లాస్టిక్‌వో కొత్తవో తీసుకోవడమే మేలు. ప్లాస్టిక్‌కు చెమ్మ, చెదల బాధ లేదు, కానీ విరిగితే అతకదు, తడి నేల మీద జారుతుంది.

ఇక దేనికీ పనికిరానివి వంటచెరుకుగా అమ్మేటప్పుడు రంగు వేసినవీ మరక ఉన్నవీ వేరుగా తీసేయాలి. కొన్నవాళ్లకు బూడిదలో మేకులుంటాయని ముందే చెప్పండి. ఆ బూడిదను ఎరువుగా పొలంలో చల్లితే అవి ట్రాక్టర్ టైర్లలోనూ, కాళ్లలోనూ దిగుతాయి. పొట్టి దిమ్మలను మాత్రం అమ్మేయకుండా ఓ మూల పోగేసుకోండి, వచ్చే వానాకాలం మరమ్మతులకు సరిగ్గా ఆ సైజే కావాల్సి వస్తుంది.