పిరమిడ్ లేక్‌లో కయాక్ మీద ట్రౌట్ వేట: బస ఎక్కడ పెట్టాలి?

బే ఏరియాలో ఉండే మనవాళ్ళు చాలామంది టాహో సరస్సు చూసి వెనక్కి తిరుగుతారు. ఆ టాహో నీళ్ళే ట్రకీ నదిగా దిగి, నెవాడా ఎడారిలో పిరమిడ్ లేక్‌లో కలుస్తాయి. అక్కణ్ణుంచి నీటికి బయటికి దారి లేదు, ఎండకి ఆవిరవ్వాల్సిందే. అందుకే నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. రీనో నగరం నుంచి గంట ప్రయాణం కూడా లేదు.

సరస్సు పైయూట్ అనే అమెరికా ఆదివాసీ తెగవారిది. రాష్ట్రం లైసెన్సుతో పనిలేదు, తెగవారి పర్మిట్ ఉంటే చాలు. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. ట్రౌట్ అనే చేపని పట్టే సీజన్ అక్టోబర్ 1 నుంచి జూన్ 30 దాకా. వానపాముల్లాంటి ఎరలు నిషేధం, బార్బ్ (కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు) లేని హుక్కులే వాడాలి.

బస విషయానికొస్తే, రీనో కేసినో హోటళ్ళు వారం మధ్యలో చవగ్గా దొరుకుతాయి, తిండికీ లోటుండదు. ఒడ్డున నిలబడి గాలం వేసేవాళ్ళకి అది సరిపోతుంది. కయాక్ (ఒకరిద్దరు పట్టే సన్నటి చిన్న పడవ) వాళ్ళకి మాత్రం నేను వద్దంటాను. ఇక్కడ గాలిదే రాజ్యం. తెల్లవారుజామున అద్దంలా ఉన్న నీళ్ళు పదకొండయ్యేసరికి తెల్లటి నురగలు కక్కుతుంటాయి. రీనోలో లేచి, కాఫీ తాగి, కయాక్ దించేసరికి మంచి సమయం కాస్తా అయిపోతుంది. సరస్సు ఒడ్డునే ఉన్న సట్‌క్లిఫ్ ఊరి దగ్గర ఉంటే చీకటితోనే నీళ్ళలో ఉండొచ్చు. ఒడ్డున టెంట్ వేసుకోవడం ఇంకా చవక. కానీ రాత్రి గాలికి నిద్ర పట్టదు, ఇసుకలోకి కారు పోనిస్తే దిగబడుతుంది.

కయాక్ అద్దెకి తీసుకుంటే పెడల్‌ది అడగండి. కాళ్ళతో తొక్కుతూ లూర్‌ని (కృత్రిమ ఎరని) వెనకాల లాక్కుంటూ పోవచ్చు. నాకు రీనోలో ఒకచోట ఇచ్చినదానికి సీటు పట్టీ తెగి ఉంది. అడిగితే "ఇంతవరకు ఎవరూ చెప్పలేదే" అన్నాడు, తాడిచ్చి కట్టుకోమన్నాడు! దుకాణంలోనే సీట్లో కూర్చుని చూసుకోవడం మేలు.

ఒడ్డుకి దగ్గర్లో జనం నడుంలోతు నీళ్ళలో, మనం ఇంట్లో ఫ్యాన్ తుడవడానికి వేసుకునేలాంటి నిచ్చెనలెక్కి గాలాలు విసురుతుంటారు. వాళ్ళ దారాలకి అడ్డం పోకండి. లోతు ఒక్కసారిగా పెరిగే అంచు వెంబడి మెల్లగా సాగుతుంటే చేప తగులుతుంది. ఇక్కడి ట్రౌట్ రకం, లాహోంటన్ కట్‌త్రోట్, పైకి ఎగరదు, అడుక్కి తల విదిలిస్తూ కయాక్ ముక్కునే తనవైపు తిప్పేస్తుంది. వలలోకి తీసుకున్నాక దవడ కింద ఎర్రటి గీత కనిపిస్తుంది. నీళ్ళలోనే ఉంచి హుక్ తీసేయండి.

1925లో ఇక్కడ పట్టిన 41 పౌండ్ల చేపదే ఈ జాతిలో ఇప్పటికీ ప్రపంచ రికార్డు. 1905 నాటి డెర్బీ డ్యామ్ నది నీళ్ళని పొలాలకి మళ్ళించడంతో 1940ల నాటికి ఆ జాతి సరస్సులో అంతరించింది. 1970లలో పైలట్ పీక్ కొండవాగులో దాని సంతతి దొరికింది. 2006 నుంచి ఆ పిల్లల్ని ఇక్కడ వదులుతున్నారు. ఇప్పుడు తగులుతున్న పెద్ద చేపలు చాలావరకు వాటివే.

గూడబాతులుండే అనాహో దీవి మీదికి వెళ్ళనివ్వరు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ తీయొద్దు, చలికాలమైతే డ్రైసూట్ (నీళ్ళు లోపలికి రానివ్వని దుస్తులు) తప్పనిసరి అనుకోండి. కయాక్ కొత్తయితే తొలిరోజు గైడ్ పడవెక్కండి. ఖర్చెక్కువే, కానీ ఆ లోతు అంచులు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది.