సినాప్సా, సిండెస్మా?
రెండు నరాల కణాలు కలిసే చోటుని ఇప్పుడు సినాప్స్ అంటాం కదా, దానికి 1897లో ఇంగ్లీష్ ఫిజియాలజిస్ట్ షెరింగ్టన్ ముందు అనుకున్న పేరు సిండెస్మ్, మైకేల్ ఫోస్టర్ ఫిజియాలజీ టెక్స్ట్‌బుక్ కోసం రాస్తూ. ఫోస్టర్ వెళ్ళి వెరాల్ అనే గ్రీకు పండితుడిని అడిగితే ఆయన సినాప్స్ బెటర్ అన్నాడు, దాన్నుంచి విశేషణం బాగా వస్తుందని. నిజమే కదా, సినాప్టిక్ అని ఈజీగా అనేస్తాం, సిండెస్మిక్ అని గబగబా నాలుగుసార్లు అనండి చూద్దాం!

అర్థం చూస్తే గ్రీకులో సిండెస్మ్ అంటే కట్టు, లిగమెంట్ లాంటిది, సినాప్స్ అంటే పట్టుకోవడం, చేతిలో చెయ్యి వేసినట్టు. అసలు అక్కడ చాలావరకు రెండు కణాలు అతుక్కునే ఉండవు, మధ్యలో సుమారు 20 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది, అది 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో గానీ కంటికి కనపడలేదు, కాబట్టి కట్టు అనే పేరు పెట్టుంటే ఇంకా తప్పుదారి పట్టించేది. పైగా చీలమండ దగ్గర ఎముకల జాయింట్‌ని సిండెస్మోసిస్ అంటారు, మెడికోలకి అదో తలనొప్పి.

సినాప్స్‌కీ ఓ తిరకాసు ఉందిలెండి, క్రోమోజోములు జతకట్టడాన్ని సినాప్సిస్ అంటారు, ఎగ్జామ్‌లో అది ఇది కలిపేసేవాళ్ళు బోలెడు. అయినా నా ఓటు వెరాల్‌కే.