క్రిస్మస్‌కి ‘ఎమర్జెన్సీ కిట్’ కొంటున్నారా? మా పర్లాకిమిడిలో జరిగింది చదివి కొనండి

ఈ డిసెంబర్‌లో ఎవరికైనా టార్చి, పవర్‌బ్యాంక్, ఎమర్జెన్సీ లైటు, టార్పాలిన్ లాంటివి కానుకగా ఇద్దామనుకుంటున్నారా? ముఖ్యంగా, అన్నీ కలిపి ఒకే పెట్టెలో పెట్టి అమ్మే ‘ఫ్యామిలీ ఎమర్జెన్సీ కిట్’ చూసి ఆర్డర్ పెట్టబోతున్నారా? ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. పోయిన క్రిస్మస్‌కి మేం అలాంటి పెట్టెలు 26 కొన్నాం. ఒక్కటీ అక్కరకు రాలేదు. డబ్బు పోవడం ఒక ఎత్తయితే, దాన్ని నమ్ముకుని మా అత్త చెయ్యి విరగ్గొట్టుకోవడం ఇంకో ఎత్తు.

మా పర్లాకిమిడి ఉన్న ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉండేవాళ్ళకి తుఫానంటే ఏంటో చెప్పక్కర్లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి మా మీదుగానే పోయింది. కొండ ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, దారులు తెగిపోయాయి. బరఘర అనే ఊరి దగ్గర వానకి గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. ఆ రోజులు చూసినవాళ్ళం కాబట్టే, మా సంఘంలో యవనస్థులం కూర్చుని ఈసారి దుప్పట్లు, స్టీలు డబ్బాలు వద్దు, నిజంగా పనికొచ్చేది ఇద్దాం అనుకున్నాం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ పేర్లు పాస్టర్ గారు రాసిచ్చారు. 26 ఇళ్ళు తేలాయి. కొన్ని పర్లాకిమిడిలో, కొన్ని కాశీనగర్ వైపు వంశధార ఒడ్డున, కొన్ని గుమ్మ దాటి కొండ మీద.

డబ్బు క్యారల్స్‌కి తిరిగినప్పుడు వచ్చిందీ, మేం తలా కొంత వేసుకున్నదీ. మాలో ఆటో తోలేవాళ్ళున్నారు, బట్టల కొట్లో పని చేసే పిల్లలున్నారు. పెట్టె 1,899 రూపాయలు. 26 పెట్టెలకి 49,374. అట్ట మీద ఎమ్మార్పీ 4,999 అని ఉండేసరికి సగానికి సగం తగ్గింపులో దొరికిందని సంబరపడ్డాం. వాటిని ఎంచింది నేనే కాబట్టి ఇదంతా రాయాల్సిన బాధ్యత కూడా నాదే.

పెట్టెలో సోలార్ పవర్‌బ్యాంక్, మడతపెట్టే ఎమర్జెన్సీ లైటు, టార్చి, టార్పాలిన్, మందుల డబ్బా, ఈల, నీళ్ళలో వేసే బిళ్ళలు ఉన్నాయి. డిసెంబర్ 6న సరుకు చేరింది. ఒక్క పెట్టె తెరిచి లైటు నొక్కి చూశాం, వెలిగింది. మిగతావాటికి ఎర్ర కాగితం చుట్టి రిబ్బన్ కట్టేశాం. 25న ఆరాధన అయ్యాక పంచాం, దూరం ఊళ్ళకి మర్నాడు బైకుల మీద వెళ్ళి ఇచ్చొచ్చాం.

మేం మోసపోయింది అక్కడే. మేం కొన్న యాప్‌లో వస్తువు వెనక్కి ఇవ్వడానికి పది రోజులే గడువు, అంటే డిసెంబర్ 16. కానుక విప్పేది 25న. పోనీ విప్పగానే వాడతారా అంటే అదీ లేదు. ఇలాంటి వస్తువుని మనవాళ్ళు అటక మీదో, బీరువాలోనో జాగ్రత్తగా దాస్తారు. దాని అవసరం ఏ జూలైలోనో అక్టోబర్‌లోనో పడుతుంది. చీర బాగోలేకపోతే ఆ రోజే తెలుస్తుంది. ఇది పని చేయదని మాత్రం గాలివాన రాత్రి తెలుస్తుంది. అమ్మేవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

కాశీనగర్ వైపు ఊళ్ళో ఉంటుంది మాకు మేనత్త వరస అయ్యే ఆవిడ. డెబ్భై దాటాయి. కొడుకు సూరత్‌లో మిల్లు పనిలో ఉన్నాడు. జూలైలో రెండు రోజులు విడవకుండా వాన కొట్టింది, సాయంత్రమే కరెంటు పోయింది. అత్త మేమిచ్చిన లైటుని పాత చీర ముక్కలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచుకుంది. నెలకోసారి తీసి చార్జింగ్ కూడా పెట్టింది, మేం చెప్పాం కాబట్టి. ఆ రాత్రి నొక్కితే వెలిగింది. అన్నం తినేలోపే ఎర్రబడి ఆరిపోయింది. పవర్‌బ్యాంక్‌కి ఫోను పెడితే దాని చిన్న లైట్లు నాలుగూ వెలిగాయి గానీ, ఫోను ఎనిమిది శాతం ఎక్కి ఆగింది. పెరట్లో కట్టిన మేక అరుస్తుంటే చీకట్లోనే తడుముకుంటూ వెళ్ళింది, మెట్టు మీద జారింది. కుడి మణికట్టు విరిగింది. తెల్లారేదాకా అలాగే కూర్చుంది.

నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి సిమెంటు కట్టు వేసి ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. “మీరు లైటు తెచ్చిచ్చారు కదా అని కిరసనాయిలు బుడ్డి పక్కింటి కోడలికి ఇచ్చేశాను బాబూ, దానికి పిల్లలున్నారు కదా” అంది. ఆ మాట తర్వాత నాకు నిద్ర పట్టలేదు. మేం ఏమీ ఇవ్వకపోయుంటే ఆవిడ దగ్గర బుడ్డి అయినా ఉండేది.

ఆ వారంలోనే బైకులేసుకుని ఇల్లిల్లూ తిరిగి 26 పెట్టెలూ వెనక్కి తెచ్చాం. చర్చి వెనక గదిలో నేల మీద పేపరు పరిచి ఒక్కొక్కటీ విప్పాం. చూసింది చూసినట్టు చెప్తున్నా, మీరు కొనేటప్పుడు పనికొస్తుంది.

పవర్‌బ్యాంక్ మీద 50,000 ఎంఏహెచ్ (ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే కొలత) అని బంగారు రంగులో అచ్చేశారు. స్క్రూడ్రైవర్‌తో అంచు లేపితే లోపల నీలం రంగు సెల్లు ఒకే ఒక్కటి ఉంది. మిగతా చోటంతా ఖాళీ. బరువుగా అనిపించడానికి టేపు చుట్టిన రెండు ఇనప ముక్కలు. ఆ సెల్లుని 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. పేరున్న కంపెనీ మంచి సెల్లు తీసుకున్నా అందులో పట్టేది దాదాపు 3,500 ఎంఏహెచ్. 50,000 కావాలంటే పదిహేను సెల్లులు పట్టాలి. ఒక్కో సెల్లు దాదాపు 48 గ్రాములు, అంటే సెల్లుల బరువే 700 గ్రాములు దాటుతుంది. మా దానిని పక్క కిరాణా కొట్టు త్రాసు మీద పెడితే ఇనప ముక్కలతో కలిపి 210 గ్రాములు తూగింది. ఈ పని డిసెంబర్ 6నే చేసి ఉంటే రెండు నిమిషాల్లో దొరికిపోయేది. మంచి 20,000 పవర్‌బ్యాంక్ కూడా 350 నుంచి 450 గ్రాముల దాకా ఉంటుంది. చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

దాని మీది సోలార్ పలక అరచేతిలో సగం కూడా లేదు. అంత ముక్క మండుటెండలో మహా అయితే ఒకటి, ఒకటిన్నర వాట్లు ఇస్తుంది. నిజమైన 20,000 పవర్‌బ్యాంక్‌ని దాంతో నింపాలంటే కనీసం పది రోజుల మంచి ఎండ కావాలి. తుఫాను రోజుల్లో ఎండ ఎక్కడ? సోలార్ అన్న మాట చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

ఎమర్జెన్సీ లైట్లో చిన్న సీసం (లెడ్-యాసిడ్) బ్యాటరీ. చాలా వాటిల్లో పొట్ట ఉబ్బిపోయింది. పూర్తిగా చార్జింగ్ పెట్టి వెలిగిస్తే ఎక్కువసేపు నిలిచింది 35 నిమిషాలు. అట్ట మీద రాసింది 12 గంటలు.

టార్పాలిన్ సంగతి నాకు ఇప్పటికీ కడుపు మండిస్తుంది. పైకప్పు ఎగిరిపోతే కప్పుకోవాల్సింది అదే కదా. 12 అడుగులకి 15 అడుగులు, 250 జీఎస్ఎమ్ అని రాశారు. జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో ఆ లెక్క. ఆ కొలత టార్పాలిన్ 16.7 చదరపు మీటర్లు, కాబట్టి నాలుగు కిలోల పైచిలుకు తూగాలి. మాది కిలో ఆరు వందలు. అంటే వంద జీఎస్ఎమ్ కూడా లేదు. ఎండలో రెండు రోజులు కట్టి ఉంచితే కన్నాల దగ్గర చిరిగింది. టార్పాలిన్ ఎక్కడ కొన్నా పొడవు వెడల్పులు కొలిచి, తూకం వేయించండి. కొట్టువాడు తూకం వేయనంటే అక్కడ కొనకండి.

మందుల డబ్బాలో అయోడిన్ సీసా మీద గడువు తేదీ స్టిక్కర్ కొత్తగా అంటించినట్టు కనిపించింది. గోరుతో గీకితే కింద రెండేళ్ళ కిందటే అయిపోయిన తేదీ ఉంది. నీళ్ళ బిళ్ళల పట్టీ మీద మందు పేరు లేదు, తయారీ తేదీ లేదు, ఎన్ని లీటర్లకి ఒకటి వేయాలో లేదు. వరద నీళ్ళు తాగాల్సి వచ్చినప్పుడు ఎవరైనా నమ్మి వేసుకునుంటే? అవి ఎవరూ వాడలేదు, దేవునికి స్తోత్రం. ఆ బిళ్ళలు మందుల షాపులోనో, మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గరో తప్ప ఎక్కడా తీసుకోవద్దు. ఈల పర్వాలేదు.

ఆర్డర్ పెట్టేటప్పుడే నేను చూసి ఉండాల్సినవి రెండున్నాయి. ఒకటి, రివ్యూలు. నాలుగు నక్షత్రాల పైన ఉంది, వేలమంది రాశారు. అవి తీరిగ్గా చదివితే సగం కుక్కర్ గాస్కెట్ గురించి! పాత వస్తువు పేజీలోనే ఫోటో, పేరు మార్చేసి కొత్త సరుకు పెడతారట, నక్షత్రాలు మాత్రం అలాగే ఉండిపోతాయి. కాబట్టి నక్షత్రాలు లెక్కపెట్టకుండా, కొత్తగా వచ్చిన రివ్యూలు, తక్కువ మార్కులిచ్చినవి చదవండి. రెండు, బీఐఎస్ (వస్తువుల నాణ్యత ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) నంబర్. మన దేశంలో పవర్‌బ్యాంక్ అమ్మాలంటే బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వస్తువు మీద ఆర్ అక్షరం, దాని పక్కన ఎనిమిది అంకెలు ఉంటాయి. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబర్ కొడితే అది ఏ కంపెనీది, ఏ వస్తువుకి ఇచ్చిందో చూపిస్తుంది. మా దాని మీద నంబర్ ఉంది, కొడితే ఇంకెవరిదో మొబైల్ చార్జర్ వచ్చింది. నంబర్ ఉందా అని మాత్రమే చూస్తే సరిపోదు, ఎవరిదో కూడా చూడాలి.

ఇక డబ్బు సంగతి. కస్టమర్ కేర్‌లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది కానీ, “రిటర్న్ టైం అయిపోయింది సార్” అన్న మాట దాటి రాలేదు. అమ్మినవాడి పేరు అప్పటికే యాప్‌లోంచి మాయమైంది. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. వదలకండి. రిటర్న్ గడువు అనేది ఆ యాప్ పెట్టుకున్న నియమం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకి రెండేళ్ళ గడువుంది. కేసు మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఏ ఢిల్లీలో ఉన్నా సరే. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అంతకంటే ముందు 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మేం బిల్లులు, త్రాసు మీద తీసిన ఫోటోలు, విప్పిన పవర్‌బ్యాంక్ వీడియో అన్నీ పంపాం. ఆ 26 పెట్టెలూ మూడు ఆర్డర్లుగా కొన్నాం, అందులో ఆరు పెట్టెల ఆర్డర్ డబ్బు 11,394 వెనక్కి వచ్చింది. మిగతా రెండు ఆర్డర్ల మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ప్యాకెట్ విప్పేటప్పుడే వీడియో తీసి ఉంటే ఇంత తిప్పలు ఉండేది కాదు.

ఈ ఏడు కూడా ఇస్తున్నాం. మానేద్దాం అన్నవాళ్ళున్నారు, నేను ఒప్పుకోలేదు. కానీ పెట్టె కొనడం లేదు. ఒక్కొక్క వస్తువూ మా బజారులో, తెలిసిన కొట్లో, బిల్లు రాయించి తీసుకున్నాం. మనిషికి నాలుగే: ఒక లైటు, ఒక టార్చి, తూకం వేసిన టార్పాలిన్, గట్టి మూత ఉన్న పది లీటర్ల నీళ్ళ డబ్బా. పవర్‌బ్యాంక్ సంఘానికి రెండు చాలు, అవి చర్చిలోనే ఉంటాయి. ప్రతి లైటునీ రాత్రంతా చార్జింగ్ పెట్టి, వెలిగించి, ఎన్ని గంటలకి ఆరిందో దాని అడుగున మార్కర్‌తో రాస్తున్నాం. ఆరు గంటలు నిలవనివి మూడు తేలాయి, కొట్టువాడు ఆ సాయంత్రమే మార్చిచ్చాడు. రంగు కాగితం చుట్టడం లేదు. ఇంటికెళ్ళి, చేతికిచ్చి, వాళ్ళ చేతే ఒకసారి నొక్కించి వస్తాం. చార్జింగ్ ఎప్పుడు పెట్టాలో గుర్తుండేలా క్యాలెండర్‌లో రెండు నెలలకోసారి ఎర్ర సున్నా చుట్టి ఇస్తున్నాం. ఇంట్లో ఉన్న బుడ్డి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె ఎవరికీ ఇచ్చేయొద్దని మరీ మరీ చెప్తున్నాం. అత్తకి కొత్త బుడ్డి నేనే కొనిచ్చాను.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ నెల మొదట్లో అదే పెట్టె మళ్ళీ అమ్మకానికి వచ్చింది. కంపెనీ పేరు వేరు, అమ్మేవాడి పేరు వేరు. ఫోటోలో ఆకుపచ్చ మూత, మూత మీద తెల్ల ప్లస్ గుర్తు, పెట్టె కింద పరిచిన నీలం పువ్వుల గుడ్డ మాత్రం మావి కొన్నప్పుడు చూసినవే. ఈసారి ధర 1,699 పెట్టారు, పక్కన ‘క్రిస్మస్ ఆఫర్’ అని రాశారు.