కంబాలకొండ స్వచ్ఛంద సేవకులతో అడవి నడక: ఆరు నెలల అనుభవం

విశాఖలో హనుమంతవాక దాటి మధురవాడ వైపు వెళ్తుంటే, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన, జంతు ప్రదర్శనశాలకు ఎదురుగా కంబాలకొండ ఉద్యానవనం గేటు కనిపిస్తుంది. నెలకు రెండు ఆదివారాలు ఉదయం ఆరున్నరకల్లా అక్కడ పాతిక ముప్పైమంది పోగవుతారు. వారిలో బ్యాంకు ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, శంభువానిపాలెం నుంచి వచ్చే ఇద్దరు ముగ్గురు మహిళలు ఉంటారు. సందర్శకులను వెంటబెట్టుకుని అడవిని చూపించడం, కాలిబాటలు బాగుచేయడం, కలుపు తీయడం వీరు స్వచ్ఛందంగా చేస్తున్న పనులు. దీనికి వారు రుసుమేమీ తీసుకోరు. అటవీశాఖ ప్రవేశ టిక్కెట్టు మాత్రం ఎవరిది వారు కొనుక్కోవాలి. తమ బృందం పేరు రాయవద్దని వారే కోరారు కనుక ఇక్కడ రాయడం లేదు. డిసెంబరు నుంచి మే వరకు మా పదేళ్ల బాబుతో కలిసి ఏడుసార్లు వెళ్లాను, రెండుసార్లు మా అత్తయ్యగారు కూడా వచ్చారు. ఆ అనుభవంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఈ అడవి 2002 మార్చి నుంచి వన్యప్రాణి అభయారణ్యంగా ఉంది. తూర్పు కనుమల ఒడిలో సుమారు 71 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఈ కొండల్లో చిరుతపులి, దుప్పి, కొండగొర్రె, ముళ్లపంది, అలుగు ఉన్నాయి. అయినా మనలో చాలామంది చెరువులో పడవ ఎక్కి, నాలుగు ఫొటోలు తీసుకుని, అడవి చూశామనుకుని వెనక్కి వచ్చేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే వచ్చాను.

వీరితో నడిస్తే మొదటి అర కిలోమీటరుకే గంట పడుతుంది. మొదటిరోజు పిల్లలు విసుక్కున్నారు. అప్పుడు అందరూ మాస్టారు అని పిలిచే పెద్దాయన వారిని ఒక కొమ్మ కింద కూర్చోబెట్టి, ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమలను చూపించారు. కొన్ని చీమలు రెండు ఆకుల అంచులను దగ్గరకు లాగి పట్టుకున్నాయి. మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరుచుకుని, ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆ అంచు నుంచి ఈ అంచుకు తాకిస్తూ పోతున్నాయి. ఆ పిల్లపురుగుల నోటి నుంచి వచ్చే పట్టుదారమే అక్కడ కుట్టు. పది నిమిషాలపాటు పిల్లలెవరూ కదలలేదు. మాస్టారు కూడా ఒక్క ముక్క మాట్లాడలేదు. చూడవలసింది కళ్ల ముందే ఉన్నప్పుడు మాటలు తగ్గించే మార్గదర్శకులు అరుదుగా దొరుకుతారు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

జనవరిలో అత్తయ్యగారు వచ్చినప్పుడు, శంభువానిపాలెం నుంచి వచ్చిన ఒకావిడ దారి పక్కన ఉన్న ముళ్లపొదను చూపించి, "ఇదేటో ఎవలికైనా తెలుసా అమ్మా?" అని అడిగారు. ఎవరికీ తెలియలేదు. కణుపు కణుపుకీ ఎదురెదురుగా రెండు చిన్న ఆకులు, వాటి పక్కనే జంటగా రెండు ముళ్లు ఉన్నాయి. అది బలుసు అని ఆవిడ చెప్పగానే అత్తయ్యగారు ఒక్కసారిగా వంగి ఆకును వేళ్లతో తడిమారు. "బతికుంటే బలుసాకు తినొచ్చని నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాను నాన్నా, బలుసు ఎలా ఉంటుందో ఇవాళే చూశాను," అని బాబుతో అన్నారు. నాకూ అంతే. సామెత మా నోట మిగిలింది, మొక్క ఏనాడో కనుమరుగైంది. ఆ రోజే చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీస్తే బురదనీరు ఎలా తేరుకుంటుందో కూడా ఆవిడ చెప్పారు.

అయితే ఈ బృందం విలువ తెలియాలంటే నడక ముగిసిన తరువాత మరో గంట ఉండి, కలుపు తీసే పనిలో చేయి వేయాలి. ఊళ్లలో పులికంప అనీ తలంబ్రాల మొక్క అనీ పిలిచే లాంటానా అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి పూలమొక్కగా మన దేశానికి వచ్చి, అడవులన్నిటా అల్లుకుపోయింది. దాని నీడన గడ్డి మొలవదు, గడ్డి లేనిచోట దుప్పికి మేత ఉండదు. కాండాన్ని కత్తితో నరికితే పని అయిపోయిందని నేను అనుకునేదాన్ని. నిజానికి నరికిన మోడు నుంచి మరిన్ని పిలకలు వస్తాయి. అందుకే వీరు నేలమట్టానికి రెండంగుళాల కింద గునపంతో తల్లివేరును తెంచి, దుబ్బును మొత్తంగా పైకెత్తి, వేర్లు ఆకాశం వైపు ఉండేలా తిరగేసి పెడతారు. అలా పెడితే అది మళ్లీ నాటుకోకుండా ఎండిపోతుంది. ఒక్క పెద్ద దుబ్బుకు ఇద్దరికి ఇరవై నిమిషాలు పట్టింది, నా అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. పని అంతటితో తీరదు. పిగిలిపిట్టలు ఆ నల్లటి పండ్లు తిని, ఏ కొమ్మ మీద వాలితే ఆ కొమ్మ కింద విత్తనాలు రాలుస్తాయి. కనుక శుభ్రం చేసిన చోటనే పెద్ద చెట్ల కింద మళ్లీ మళ్లీ వెతికి, కొత్త మొలకలను చేత్తో పీకాలి. అభయారణ్యంలో అనుమతి లేకుండా మొక్క తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి, ఈ పనంతా అటవీ సిబ్బంది చూపిన హద్దుల్లోనే, వారి సమక్షంలోనే జరుగుతుంది. ఉత్సాహవంతులు ఎవరికి వారు గునపం పట్టుకుని వెళ్లకూడదని వీరు మొదటిరోజే గట్టిగా చెప్పారు, అది సరైన పని.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరపు చెట్లను నేలమట్టం చేసిన తరువాత, మొక్కలు నాటే ఉత్సాహానికి మన దగ్గర లోటు లేదు. లోటంతా నాటిన తరువాతి సంరక్షణలోనే ఉంది. ఫిబ్రవరిలో ఒక సంస్థ ఉద్యోగులు బ్యానరుతో వచ్చి, గేటుకు దగ్గరలోని ఖాళీ స్థలంలో మొక్కలు నాటి, ఫొటోలు దిగి వెళ్లారు. ఏప్రిల్‌లో వాడిపోయిన ఒక కానుగ మొక్కను మా బాబు కాస్త కదిపితే వేళ్లతో సహా ఊడి వచ్చింది. నర్సరీ నల్లకవరు దాని చుట్టూ అలాగే ఉంది, వేర్లు బయటకు పోయే దారిలేక ఆ కవరు లోపలే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. నాకు కన్నీళ్లు ఆగలేదు. సేవకులు ఎవరినీ ఒక్క మాట అనకుండా, ఆ వరుసలో మిగిలిన మొక్కలన్నిటినీ ఒక్కొక్కటిగా తవ్వి, కవర్లు కోసి, చుట్టుకున్న వేర్లను విడదీసి తిరిగి నాటారు. మే నెల ఎండల్లో వంతులవారీగా డబ్బాలతో నీళ్లు మోసి పోస్తున్నది కూడా వారే.

లోపాలూ ఉన్నాయి. ఒక ఆదివారం నలభైమందికి పైగా వస్తే ఇద్దరు మార్గదర్శకులే ఉన్నారు. వెనుక నడిచిన మాకు ఏమీ వినిపించలేదు. ఒక్కొక్కరికి పదిహేనుమందికి మించకుండా పరిమితి పెట్టుకోవాలి. చేతి తొడుగులు చిరిగిపోయి ఉన్నాయి, ముళ్ల పనికి అవి పనికిరావు. అన్నిటికన్నా నాకు బాధ కలిగించినది భాష విషయం. యువ సేవకుల్లో కొందరు పక్షులకూ చెట్లకూ ఇంగ్లీషు పేర్లు మాత్రమే చెబుతున్నారు. తునికి, వెలగ, రేల, మోదుగ అని చెబితే ఇంట్లో నాయనమ్మతో పంచుకోగల విషయం, ఇంగ్లీషులో చెబితే నోటుపుస్తకంలోనే ఉండిపోతుంది. ఈ మాట మార్చిలో వారికి చెప్పాను. ఆ తరువాతి నడకలో ఒక విద్యార్థిని ప్రతి చెట్టు దగ్గరా ఆగి, శంభువానిపాలెం ఆవిడను పేరు అడిగి రాసుకోవడం చూశాను.

చెత్త విషయంలో వీరి పట్టుదల కొందరికి అతిగా అనిపించవచ్చు. బిస్కెట్ పొట్లం కూడా నడకలో విప్పనివ్వరు. కారణం తెలిసిన తరువాత నేను ఒప్పుకున్నాను. తిండి పడేసిన చోటికి వీధికుక్కలు వస్తాయి, కుక్కల కోసం చిరుత మనుషుల దారిలోకి వస్తుంది, చివరికి ఆ నష్టం చిరుతదే అవుతుంది.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలున్న వారికి ఈ నడకను మనసారా సిఫారసు చేస్తాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు చెరువు వరకు వచ్చి ఆగితే మంచిది, ఆ పైన దారి రాళ్లమయం. నిండు చేతుల చొక్కా, బూట్లు, స్టీలు సీసాలో నీళ్లు తప్పనిసరి; ముళ్ల పనిలో చేయి వేయాలనుకుంటే మందపాటి చేతి తొడుగులు కూడా సొంతంగా తెచ్చుకోండి. ఆరున్నర దాటితే బృందం లోపలికి వెళ్లిపోతుంది, ఎవరి కోసమూ ఆగదు.